మార్కెట్ కూలినా ఇల్లు కదలకుండా: నల్గొండ, పాలమూరు కుటుంబాలకు బ్యాంకు నుంచి షేర్ల దాకా

2025 ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, యాప్ తెరిస్తే అంతా ఎర్రగనే ఉన్నది. అమ్మేద్దునా?"

అంతకు ఐదు నెలల ముందు, సెన్సెక్స్ (30 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 85,978 దాకా ఎగబాకి రికార్డు కొట్టిన రోజుల్లో, ప్లాటు అమ్మిన పైసల్లోంచి 6 లక్షలు షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాడు. ఆ శుక్రవారం సెన్సెక్స్ 73,198 దగ్గర ఆగింది. వాడి 6 లక్షలు 4 లక్షల 80 వేలయ్యాయి. మార్కెట్ ఎందుకు పడుతోందో చెప్పమన్నాడు. నేను వేరే ప్రశ్న వేశాను. "ఆ పైసలు ఎప్పటికి కావాలె తమ్మీ?"

కాసేపు అవతల మాట లేదు. "ఉగాది దాటినంక బిడ్డ లగ్గం పెట్టుకున్నం గదా."

వాడు కొన్న ఫండ్ మంచిదే. మార్కెట్ పడడమూ కొత్త కాదు. రెండు నెలల్లో కావలసిన డబ్బును ఏళ్ల తరబడి ఆగాల్సిన చోట పెట్టాడు, చిక్కంతా అక్కడ వచ్చింది. కాబట్టి షేర్ల గురించి చెప్పేముందు బ్యాంకుల గురించి చెప్పాలి. బ్యాంకు సంగతి చక్కబెట్టుకోని ఇంటికి మార్కెట్ జోలి వద్దు.

మొదటి అడుగు: పైసలకు తేదీ రాయండి

ఒక నోటుబుక్కులో మూడు గీతలు కొట్టండి. ఎందుకు, ఎంత, ఎప్పటికి. నిడమనూరు వైపు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి, రెండెకరాల బత్తాయి, ఇంట్లో ఒకరికి చిన్న ఉద్యోగం. చేతిలో 14 లక్షలున్నాయి. వాళ్ల నోటుబుక్కు ఇలా ఉంటుంది:

వానాకాలం పెట్టుబడి, 90 వేలు, జూన్.
కొడుకు కాలేజీ ఫీజు, 80 వేలు, ఆగస్టు.
ఆస్పత్రి ఖర్చు, లక్షన్నర, ఎప్పుడైనా.
ఇంటి మీద మరో అంతస్తు, 5 లక్షలు, మూడేళ్లకు.
మిగిలింది 5 లక్షల 80 వేలు, ముసలితనానికి, కనీసం 12 ఏళ్ల తర్వాత.

"ఎప్పుడైనా" అని రాసినదాన్ని "రేపే" అని చదువుకోవాలి. ఏడాదిలోపు కావలసినది సేవింగ్స్ ఖాతాలోనో చిన్న గడువు ఎఫ్‌డీలోనో ఉండాలి. ఒకటి నుంచి ఐదేళ్ల మధ్యది ఎఫ్‌డీలు, పోస్టాఫీసు. ఏడేళ్లు దాటి ఆగగలిగిన చివరి వరుస మాత్రమే షేర్ల వైపు చూడాలి, అదీ మొత్తం కాదు. ఐదుకూ ఏడుకూ మధ్య సంగతి ఏమిటంటారా? మీకు నెలనెలా జీతం వస్తుంటే కొంచెం ధైర్యం చేయొచ్చు. వానను నమ్ముకున్న ఇల్లయితే నేనైతే చేయను.

రెండో అడుగు: మన ఊళ్లో ఏయే తలుపులున్నాయో తెలుసుకోండి

పెద్ద ప్రభుత్వ బ్యాంకుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పేర్లు మారాయంతే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఇప్పటికీ మా దేవరకొండలో పెద్దవాళ్లు "ఆంధ్రా బ్యాంకు కాడ దిగుత" అంటారు, ఆటోవాడు సరిగ్గానే దింపుతాడు.

గ్రామీణ బ్యాంకు కథ కాస్త తిరుగుడు. నల్గొండ వైపు నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరు వైపు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో అవి మరికొన్నింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో ఉన్నాయి. ఇంట్లో పాత పాస్‌బుక్కు ఉంటే ఒకసారి శాఖకు వెళ్లి కొత్తది తీసుకోండి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఏదో అడిగి రాసుకోండి. ముంబయి, పుణె పనులకు పోయిన పాలమూరు వాళ్లు ఇంటికి డబ్బు పంపేటప్పుడు పాత కోడ్ దగ్గరే తంటాలు వస్తాయి.

ఇక సహకార వ్యవస్థ. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఊళ్లో మనం "సొసైటీ" అనేది ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. దాని పైన జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, మనవైపు డీసీసీబీ అంటాం. రెండూ ఒకే గొడుగు కింద ఉన్నట్టే కనిపిస్తాయి, బోర్డులూ ఒకేలా ఉంటాయి. కానీ డీసీసీబీలో వేసిన డిపాజిట్‌కు బీమా ఉంది, సొసైటీలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు. పాస్‌బుక్కు మీద ఎవరి పేరు అచ్చయిందో చూడండి. పంట రుణానికి, ఎరువులకు సొసైటీ కావాల్సిందే. బిడ్డ పెళ్లికి దాచిన డబ్బుకు మాత్రం అది చోటు కాదని నా అభిప్రాయం.

పాలమూరులో మరో విశేషం ఉంది. కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు 2001లో మహబూబ్‌నగర్ కేంద్రంగానే మొదలైంది. కొన్ని జిల్లాలకే పరిమితమైన ఇలాంటి లోకల్ ఏరియా బ్యాంకులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

పోస్టాఫీసును చాలామంది మరిచిపోతారు. అందులోని డబ్బుకు కేంద్ర ప్రభుత్వమే పూచీ, ఇంతవరకే అన్న పరిమితి లేదు. 60 దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా వేయొచ్చు. మూడు నెలలకోసారి వడ్డీ ఇస్తారు, 2025లో అది 8.2 శాతం. నెలనెలా వడ్డీ వచ్చే పథకంలో ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు. వడ్డీ రేట్లను మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, కౌంటర్లో అడిగి వేయండి.

చిట్టీల గురించి ఒక్కమాట: 1982 చట్టం ప్రకారం రిజిస్టరైన చిట్టీ అయితేనే, దాని రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి. "మనోడే" అన్నది రిజిస్ట్రేషన్ నంబరు కాదు.

మూడో అడుగు: 5 లక్షల గీత ఎక్కడుందో లెక్క వేయండి

బ్యాంకు మునిగితే ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు బీమా. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్షే. ఇందులో జనం పొరబడే చోట్లు మూడు.

ఒకటి, 5 లక్షలంటే అసలూ వడ్డీ కలిపి. సరిగ్గా 5 లక్షలు వేస్తే వడ్డీ గీత దాటిపోతుంది. నాలుగున్నర వేసుకోండి. రెండు, ఒకే బ్యాంకు నల్గొండ శాఖలో 3, సూర్యాపేట శాఖలో 3 వేస్తే అది 6 లక్షల కింద లెక్క. శాఖలు మారితే బీమా పెరగదు, బ్యాంకు మారాలి. మూడు, మీ ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతా, మీరూ మీ ఆవిడా కలిసి తెరిచిన జాయింటు ఖాతా వేర్వేరుగా లెక్కకొస్తాయి.

ప్రభుత్వ బ్యాంకుల విషయంలో నేను ఈ గీత పట్టుకుని కూర్చోను. చిన్న బ్యాంకు, సహకార బ్యాంకు అయితే దాటను. 2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టిన రోజు ఒక్కొక్కరు తీసుకోగలిగింది మొదట వెయ్యి రూపాయలే. ఎంత డబ్బున్నవాళ్లు కూడా వరుసలో నిలబడి వెయ్యి పట్టుకుని ఇంటికి పోయారు. 2021లో చట్టం మార్చాక అలాంటి ఆంక్షలు పడితే బీమా సొమ్ము 90 రోజుల్లో చేతికి రావాలి.

షేర్లకు, మ్యూచువల్ ఫండ్‌లకు ఈ బీమా లేదు, బ్యాంకు కౌంటర్లోనే కొన్నా సరే.

కౌంటర్ అంటే గుర్తొచ్చింది. మా మేనత్త ఒక బ్యాంకుకు పోయి 2 లక్షలు ఎఫ్‌డీ చేయమంది. ఇంటికి తెచ్చిన కాగితం నేను చదివితే మూడో పేజీలో "వార్షిక ప్రీమియం" అని ఉంది. అంటే ఏటా 2 లక్షలు కట్టాల్సిన ఇన్సూరెన్స్ పాలసీ. "సంతకాలు పెట్టమంటే పెట్టిన, గంతే" అంది అత్త. పాలసీ కాగితం అందినప్పటి నుంచి 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి, స్వల్ప కోతలు పోను. ఆమె పన్నెండో రోజున రాసిచ్చింది, వచ్చింది. ఎఫ్‌డీ రసీదు మీద అసలు, వడ్డీ శాతం, గడువు తేదీ, గడువుకు వచ్చే మొత్తం ఉంటాయి. ప్రీమియం అన్న మాట ఎక్కడ కనిపించినా కుర్చీలోంచి లేవకుండా అక్కడే అడగండి.

బ్యాంకు 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. సమాచారానికి 14448.

నాలుగో అడుగు: ఎఫ్‌డీని ముక్కలు చేయండి

5 లక్షలకు ఒకే ఎఫ్‌డీ వేసినవాళ్లకు మధ్యలో 60 వేలు అవసరమైతే మొత్తం విరగ్గొట్టాలి, వడ్డీలో కోత పడుతుంది. లక్ష చొప్పున ఐదు వేయండి. గడువులు ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు అలా మెట్లు మెట్లుగా పెట్టండి. అవసరం రెండు మూడు నెలలదే అయితే ఎఫ్‌డీని కదపకుండా దాని మీద అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది, బయట నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ కంటే ఎంతో నయం. నామినీ పేరు తప్పనిసరిగా రాయించండి. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా రాయించవచ్చు.

ఐదో అడుగు: మార్కెట్ పడడమంటే ఏమిటో బత్తాయి తోటలో చూడండి

టీవీలో "మదుపరుల సంపద 10 లక్షల కోట్లు ఆవిరి" అని వస్తుంది. ఎవరు ఎత్తుకుపోయారు ఆ డబ్బు? ఎవరూ కాదు. మార్కెట్ యార్డుకు ఆ రోజు పది లారీల బత్తాయి వచ్చిందనుకోండి. ఢిల్లీ వ్యాపారులు రాలేదు. టన్ను 30 వేలు పలికేది 22 వేలకే పోయింది. ఇప్పుడు ఎవరో ఒకాయన ఆ 22 వేల ధరను జిల్లాలో చెట్ల మీదున్న కాయంతటికీ గుణించి "రైతుల సంపద ఇన్ని కోట్లు ఆవిరి" అని రాస్తాడు. చెట్టు మీద కాయ చెట్టు మీదే ఉంది. నష్టపోయింది ఆ రోజు అమ్మక తప్పనివాడు. షేర్ల ధర కూడా ఆ రోజు చేతులు మారిన కొన్ని షేర్ల మీద తేలిందే. దాన్నే మిగతా అన్నింటికీ అంటగట్టి లెక్క చెబుతారు.

బయటి వ్యాపారి రాకపోవడం అన్నానే, 2024 చివర్లో జరిగింది సరిగ్గా అదే. అక్టోబరు ఒక్క నెలలో విదేశీ సంస్థలు 90 వేల కోట్లకు పైగా విలువైన షేర్లు అమ్ముకున్నాయి. కంపెనీల లాభాలు అనుకున్నంత పెరగకపోవడం, అప్పటికే ధరలు బాగా ఎక్కి ఉండడం తోడయ్యాయి. ఇంకోసారి యుద్ధం, మరోసారి వడ్డీ రేట్లు, 2020లో కరోనా. కారణం ఏటా మారుతుంది, పడే తీరు పెద్దగా మారదు.

పడ్డప్పుడు పాయింట్లు చూడకండి, శాతం చూడండి. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది. వినడానికి గుండె ఆగినట్టుంటుంది, శాతంలో 6 కంటే తక్కువ. 1992 ఏప్రిల్ 28న పడింది 570 పాయింట్లే, అదేమో 12.77 శాతం. ఏది పెద్ద దెబ్బో చెప్పనక్కర్లేదు.

మామూలుగా శిఖరం నుంచి 10 శాతం దిగితే కరెక్షన్ అంటారు, 20 దాటితే బేర్ మార్కెట్. 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చి 9కి 8,160కి దిగింది. నూరు రూపాయలు నలభైకి వచ్చాయి. మళ్లీ 21 వేలు చూడడానికి 2010 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో మార్చి 23న ఒక్క రోజే 3,934 పాయింట్లు, 13 శాతం పడింది. పొద్దున్నే 10 శాతం తాకగానే ట్రేడింగ్‌ను 45 నిమిషాలు ఆపేశారు. ఆ ఏడు నవంబరుకే పాత శిఖరం దాటింది. ఒకసారి దాదాపు మూడేళ్లు, ఒకసారి పది నెలలు. ఎంతకాలమో ముందే చెప్పగలిగినవాడు లేడు, అందుకే ఏడేళ్ల గీత.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బత్తాయి రైతుకు వెంటనే అర్థమవుతుంది. ధర పడిందని ఎవరూ చెట్టు నరకరు. బోరు ఎండి, చెట్టే ఎండిపోతే మాత్రం ధర పెరిగేదాకా ఆగి లాభం లేదు. సెన్సెక్స్ అంటే 30 చెట్ల తోట, ఎండినదాన్ని తీసి కొత్తది నాటుతూ ఉంటారు. మీ దగ్గరున్న ఒక్క కంపెనీ షేరు ఒక్క చెట్టే. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం బయటపడి, సత్యం కంప్యూటర్స్ షేరు 179 నుంచి 40కి పడింది, ఒక్క రోజులో. "తగ్గింది కదా, కొందాం" అని ఆ మరునాడు పరిగెత్తినవాళ్లు నాకు తెలుసు. అందుకే కొత్తవాళ్లు ఇండెక్స్ ఫండ్‌తో, అంటే సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్‌తో, మొదలుపెడితే చాలంటాను. విడి షేర్ల సరదా ఉంటే పోయినా ఏడవనంత డబ్బుతోనే.

ఆరో అడుగు: పడ్డ రోజున ఏం చేయాలి

చాలావరకు ఏమీ చేయకూడదు. నోటుబుక్కు తీసి మూడో గీత చూడండి. ఆ డబ్బు తేదీ ఏడేళ్ల అవతల ఉంటే యాప్ మూసి పనికి పోండి. తేదీ దగ్గర పడితే కావలసినంతే అమ్మండి, అంతా కాదు. అసలు తేదీకి రెండు మూడేళ్ల ముందు నుంచే కొంచెం కొంచెంగా ఎఫ్‌డీలోకి తెచ్చుకుంటూ ఉంటే ఈ బాధే ఉండదు.

సిప్, అంటే ఫండ్‌లో నెలనెలా కట్టే మొత్తం, ఆపకండి. నెలకు 2 వేలు కడుతుంటే యూనిట్ (ఫండ్‌లో ఒక వాటా) 50 రూపాయలున్నప్పుడు 40 యూనిట్లు వస్తాయి, 40 రూపాయలకు పడితే 50 వస్తాయి. ధర తగ్గిన నెలలోనే ఆపేసేవాడు చవకగా దొరికినప్పుడు కొనడం మానినట్టు.

తగ్గింది కదా అని ఆస్పత్రి డబ్బు, పంట పెట్టుబడి డబ్బు షేర్ల వైపు మళ్లించకండి. సగానికి పడ్డది పాత ధరకు రావాలంటే రెట్టింపు కావాలి. 20 శాతం పడితే 25 శాతం పెరగాలి. ఎత్తు ఎప్పుడూ పల్లం కంటే ఎక్కువే.

అప్పు తెచ్చి మాత్రం అసలు కొనకండి. ఇది నేను ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం. 2008 జనవరిలో అందరూ కొంటున్నారని నేనూ మా ఆవిడ బంగారం ఐదు తులాలు బ్యాంకులో పెట్టి 40 వేలు తెచ్చి షేర్లు కొన్నాను. భయపడి అమ్మలేదు, ఏడాదంతా ఓపిక పట్టాను. కానీ మరుసటి జనవరికి బంగారం గడువు ముగిసింది, బ్యాంకు నోటీసు పంపింది. 14 వేలకు అమ్మి, మిగతాది జీతంలోంచి కట్టి విడిపించాను. నాలుగు నెలలు తిరక్కుండానే, మే 18న, ఒక్క రోజులో సెన్సెక్స్ 17 శాతం ఎగిరింది. ఆ సాయంత్రం గొలుసు మెళ్లో వేసుకుని మా ఆవిడ అడిగింది, "షేర్లు మస్తు పెరిగినయట గదా?" నేను చాయ్ తాగుతూ ఉండిపోయాను.

ఇక ఆప్షన్లు, ఫ్యూచర్ల (ధర ముందుముందు ఎటు పోతుందో పందెం లాంటి ఒప్పందాలు) జోలికి పోయేవాళ్లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క ఒక్కటి చాలు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో "సార్ చెప్పిన కాల్" అంటూ కొత్త యాప్ వేయించి లాభం చూపిస్తారు. ఆ లాభం వెనక్కి తీసుకోబోతే "ముందు టాక్స్ కట్టండి" అంటారు. అక్కడితో అర్థం చేసుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఏడో అడుగు: మొదలుపెట్టడం

డీమ్యాట్ ఖాతా (కొన్న షేర్లు ఉండే ఖాతా) మీ బ్యాంకులోనైనా, సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకరు దగ్గరైనా తెరవొచ్చు. పాన్, ఆధార్, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు ఉంటే ఇంట్లోంచే అయిపోతుంది. మ్యూచువల్ ఫండ్‌కైతే డీమ్యాట్ అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, పక్కింటి చదువుకున్న పిల్లాడికైనా సరే. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి నోటుబుక్కు తీసి తేదీలు సరిచూసుకుంటే సరిపోతుంది.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదా. ఫండ్‌లో సగం అమ్మించాను, 2 లక్షల 40 వేలు వచ్చాయి. చిన్నాయన పేరు మీదున్న 3 లక్షల ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీద రెండున్నర అప్పు తీశాం. యాసంగి వడ్లు కాంటా అయ్యాక పడ్డ పైసలతో మిగతాది సర్దుకున్నాడు. మే నెలలో లగ్గానికి పోయినప్పుడు వాళ్ల వంటింట్లో గోడ కేలండర్ చూశాను. గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, పాలు రాని రోజుల సున్నాలు, వాటి కింద సెప్టెంబరు పేజీలో ఎర్ర పెన్నుతో "నాయిన ఎఫ్‌డీ, అప్పు పోను ఎంత?" అని రాసి ఉంది.